అప్ అంటే పైకి కాదా? ఒక మీటింగ్‌లో పరువు పోయాక పుట్టిన సందేహం

సందేహాల_బండి
అందరికీ నమస్కారం. ముందు నిన్న జరిగింది చెప్తాను, తర్వాత ప్రశ్న. బుధవారం ఉండాల్సిన ఒక కాల్ గురించి సోమవారం రాత్రి మెయిల్ వచ్చింది, ‘ద కాల్ హ్యాజ్ బీన్ మూవ్డ్ అప్ బై ఎ డే’ అని. అప్ అంటే పైకి, పైకి అంటే పెరగడం, తారీఖు పెరిగితే గురువారం. ఇదీ నా లెక్క. మంగళవారం మధ్యాహ్నం హాయిగా కునుకు తీస్తుంటే ఫోన్ మోగింది. ‘ఎక్కడున్నావ్, అందరూ నీకోసమే కూర్చున్నారు’ అట. స్లైడ్లు సగమే అయ్యాయి, తల దువ్వుకోలేదు. కెమెరా పనిచేయట్లేదని ఒక అబద్ధమాడి, ఉన్న నాలుగు స్లైడ్లనే అటూ ఇటూ తిప్పి ఇరవై నిమిషాలు నెట్టుకొచ్చాను.

ఇప్పుడు ప్రశ్న. రెండక్షరాల ముక్క ఇది. వేక్ అప్, గివ్ అప్, షట్ అప్, బ్రేక్ అప్, ఫెడ్ అప్... వీటిలో పైకి వెళ్తున్నది ఏంటి? ఈ అప్‌కి అసలంటూ ఒక అర్థం ఉందా, లేక ఎవరికి తోచిన చోట వాళ్లు తగిలించేసుకుంటున్నారా?

నిద్రలేని_కోడర్
సేమ్ దెబ్బ నేనూ తిన్నాను బ్రో. ఇది అమెరికా వాడుక. మీటింగ్ ‘మూవ్ అప్’ అంటే అనుకున్నదానికంటే ముందే పెడుతున్నారని. ‘పుష్ బ్యాక్’ అంటే ఆలస్యం చేస్తున్నారని. నాకు అర్థమైన లాజిక్ ఏంటంటే, చేయాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకున్నారనుకో, ముందు చేయాల్సింది పైన ఉంటుంది. దాన్ని ఇంకా పైకి జరిపితే ఇంకా ముందు చేయాలి. నువ్వు తారీఖుల అంకెలు చూశావ్, వాళ్లు లిస్టు చూశారు.

మా పనిలో అయితే అప్ అంటే ఒకటే. సర్వర్ అప్ అంటే బతికుంది, డౌన్ అంటే నాకు నిద్ర లేదు.

మూడో_బెంచీ
షట్ అప్‌లో పైకి వెళ్లేది కింది దవడ. ఇంత చిన్న విషయం తెలియదా :)

గళ్లనుడి_అత్తయ్య
మూడో బెంచీ నవ్వులాటకి అన్నా మరీ అన్యాయంగా ఏం లేదు. కానీ షట్ అప్‌లో అప్ దవడ కోసం రాలేదు. కొంచెం ఓపిగ్గా చదవండి, ఇది నాకిష్టమైన విషయం కాబట్టి పొడుగవుతుంది.

బండి బాబూ, తప్పు నీది కాదు. అప్ అంటే పైన, డౌన్ అంటే కింద అని మనందరి చేతా ఒకసారి వల్లె వేయించి వదిలేశారు. మెట్లెక్కేటప్పుడు, లిఫ్ట్‌లో, కొండ మీద అది పనికొస్తుంది. అసలు గొడవ క్రియ పక్కన అప్ చేరినప్పుడు మొదలవుతుంది. అక్కడ దానికి ‘పైకి’ అని అర్థం వెతక్కు. మన తెలుగులోనే సరిగ్గా ఆ పని చేసే ముక్క ఒకటుంది, దాన్ని చూడు.

ఈట్ అంటే తిను. ఈట్ అప్ అంటే తినేయ్. డ్రింక్ తాగు, డ్రింక్ అప్ తాగేయ్. టేర్ చింపు, టేర్ అప్ చింపేయ్. లాక్ అప్ తాళం వేసేయ్. క్లీన్ అప్ శుభ్రం చేసేయ్. గివ్ అప్ వదిలేయ్. మామూలు క్రియకీ ఈ రెండో దానికీ మధ్య ఉన్న తేడాని ఇంగ్లీషులో ఒక పేజీ వివరించాలి, తెలుగువాడికి మాత్రం తినుకీ తినేయ్‌కీ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. మిగల్చకు, పూర్తి చెయ్, ఆ పని అయిపోవాలి. షట్ అప్ కూడా ఆ కోవలోదే. నోరు కాస్త మూయడం కాదు, మూసేయడం.

ఈ ‘ఏయ్’ ఎక్కణ్నుంచి వచ్చింది? వేయు నుంచి. తినివేయు, తినేయ్. వేయు అంటే పడేయడం, విసరడం. తినేయ్ అన్నప్పుడు ఎవరైనా ఏమైనా విసురుతున్నారా? లేదు కదా. అసలు అర్థం అరిగిపోయి ‘పని పూర్తిగా’ అన్న భావం ఒక్కటే మిగిలింది. అప్‌కీ అదే గతి పట్టింది. పైకి అన్న అర్థం చాలా చోట్ల అరిగిపోయింది. (అరిగిపోయింది అని రాశాను చూశారా, అందులో పో ఎక్కడికీ పోవట్లేదు.)

సందేహాల_బండి
అత్తయ్యగారూ, ఇది స్కూల్లో ఒక్కరు చెప్పి ఉంటే నా ఇంగ్లీషు ఇంకోలా ఉండేది. అంటే ఎక్కడ ఏయ్ వస్తే అక్కడ అప్ పెట్టేసుకోవచ్చా?

నిఘంటువు_పురుగు
ఆగండాగండి, అలా పెట్టేసుకుంటే కొంప మునుగుతుంది. అత్తయ్యగారి మాట సగమే ఒప్పుకుంటాను.

మొదటిది, ఏయ్ ఒక్కటే సరిపోదు. చెరువు ‘డ్రై అప్’ అయితే ఎండేసింది అనం, ఎండిపోయింది అంటాం. ఎవరైనా చేస్తే ఏయ్, దానంతటదే జరిగితే పో. ఇంగ్లీషు ఈ తేడా పట్టించుకోదు, రెండింటికీ అప్పే. ఉన్నదంతా వాడేస్తే యూజ్ అప్, టైమ్ అయిపోతే టైమ్ ఈజ్ అప్.

రెండోది, అసలు చిక్కు ఇది. తెలుగులో ఏయ్, పో ఉన్న ప్రతిచోటా అప్ రాదు. దీపం ఆరిపోతే ‘వెంట్ అవుట్’. వెళ్లిపోతే ‘వెంట్ అవే’. కార్యక్రమం రద్దు చేసేస్తే ‘కాల్డ్ ఆఫ్’. మనసులో మాట గబుక్కున చెప్పేస్తే ‘బ్లర్టెడ్ ఇట్ అవుట్’. మర్చిపోవడానికి ఏ ముక్కా అక్కర్లేదు, ఫర్గెట్ చాలు. మన ఏయ్, పో చేసే పనిని ఇంగ్లీషులో అప్, అవుట్, ఆఫ్, అవే, డౌన్ పంచుకున్నాయి, వాటిలో పెద్ద వాటా అప్‌ది. అంతవరకే.

ఇక పైకీ పూర్తికీ ఏం సంబంధం అంటే, ఒక పాత్ర తీసుకుని నీళ్లు పొయ్యండి. మట్టం పైకి పైకి వస్తుంది. అంచు దాకా వచ్చిందంటే పని అయిపోయింది. ఫిల్ అప్‌లో అప్ నిజంగా పైకే, అదే సమయంలో పూర్తిగా కూడా. రెండు అర్థాలూ కలిసుండే ఇలాంటి చోటి నుంచే రెండోది విడిపోయి మిగతా క్రియలకు పాకిందని చూస్తే లెక్క కుదురుతుంది. ఇది ఇంగ్లీషు ఒక్కదాని పిచ్చి కూడా కాదు. జర్మన్‌లో దీని చుట్టం ‘అవుఫ్’ అని ఉంది. ‘ఎస్సెన్’ అంటే తిను, ‘అవుఫ్ఎస్సెన్’ అంటే పూర్తిగా తినేయ్. అచ్చం ఇదే వేషం.

మూడో_బెంచీ
మరి ‘హౌస్ బర్న్డ్ డౌన్’ అంటారు, ‘లెటర్ బర్న్డ్ అప్’ అంటారు. రెండూ కాలి బూడిదే కదా? ఒకటి పైకీ ఒకటి కిందకీ ఎందుకు? దీనికీ పాత్రలో నీళ్లేనా?

నిఘంటువు_పురుగు
మంచి ప్రశ్న వేశావ్, నిజంగా. నిలబడి ఉన్నది కూలితే డౌన్. ఇల్లు కాలితే చివరికి నేలమట్టం అవుతుంది, అది కళ్లకు కనిపించే కదలిక. కాగితానికి కూలడానికి ఎత్తు లేదు, ఏమీ మిగలకుండా పోయింది అన్నదే ముఖ్యం, అందుకే అప్. చెట్టు సంగతి ఇంకా బాగుంటుంది. ముందు దాన్ని ‘కట్ డౌన్’ చేస్తారు, అంటే నరికి పడగొడతారు. పడ్డాక ‘కట్ అప్’ చేస్తారు, అంటే ముక్కలు ముక్కలు చేసేస్తారు. అదే చెట్టు, అదే గొడ్డలి, ముందు డౌన్, తర్వాత అప్.

షాపు ‘క్లోజ్ అప్’ చేశారంటే మామూలుగా ఆ రోజుకి కట్టేశారని, రేపు తెరుస్తారు. ‘క్లోజ్ డౌన్’ అంటే ఇక మూతపడింది. ‘స్లో అప్’, ‘స్లో డౌన్’ దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండూ నెమ్మదించడమే, అక్కడ నా దగ్గర లాజిక్ లేదు, వాడుకే.

మూడో_బెంచీ
అదీ సంగతి. ఎంత చెప్పినా ఇంగ్లీషు ఒక అతుకుల బొంత. మనకి ఈ గోల లేదు, పైకి అంటే పైకే, ఎత్తు అంటే ఎత్తే.

రేడియో_తాత
ఒరేయ్ మూడో బెంచీ, ‘అతను పైకొచ్చాడు’ అంటే ఏంటి? బాగుపడ్డాడని. ‘అతను పైకి పోయాడు’ అంటే? ఇక లేడని. వచ్చాడుకి పోయాడు పెట్టేసరికి మనిషే పోయాడు. ఏదీ, ఏ పరాయి దేశంవాడికైనా ఇది అర్థమయ్యేలా చెప్పు చూద్దాం.

ఇక ఎత్తు అంటే ఎత్తే అన్నావ్. బిడ్డని ఎత్తుకున్నాడు, సరే, అక్కడ నిజంగా ఎత్తాడు. బిడ్డ ఏడుపు ఎత్తుకుంది, ఏం ఎత్తింది? పాట ఎత్తుకున్నాడు. సంచి ఎత్తుకుపోయాడు, అది దొంగతనం. పన్ను ఎత్తేశారు, అంటే రద్దు చేశారు. తప్పు ఎత్తి చూపాడు. మాటిమాటికీ ఎత్తిపొడుస్తుంది. అవతారం ఎత్తాడు. నోరెత్తకు. ఒక్క ఎత్తుతో ఇన్ని. నువ్వు పుట్టినప్పట్నుంచి వింటున్నావు కాబట్టి నీకు అతుకులు కనపడట్లేదు, అంతే.

గళ్లనుడి_అత్తయ్య
తాతగారూ, మీరు ఎత్తు మాట ఎత్తి మంచి పని చేశారు. ఇప్పుడే ఒకటి తట్టింది. ‘ఆ మాట ఎత్తకు’ని ఇంగ్లీషులో ఏమంటారు? ‘డోంట్ బ్రింగ్ ఇట్ అప్’. మాటని పైకి తేవొద్దు! పాట ఎత్తుకోవడం? బ్యాండ్ వాళ్లు పాట మొదలుపెడితే ‘స్ట్రక్ అప్ ఎ ట్యూన్’. రెండు భాషలకీ ఎక్కడా చుట్టరికం లేదు. అయినా కింద ఎక్కడో కనపడకుండా ఉన్న మాటని అందరి ముందుకీ తేవడం అంటే పైకి ఎత్తడమే అని ఇద్దరికీ అనిపించింది. ‘ద టాపిక్ కేమ్ అప్’, మనకి ‘ప్రస్తావన వచ్చింది’. ‘షో అప్’, ‘టర్న్ అప్’ అన్నా కనపడని మనిషి కనపడటమే. నేల మీద పడుకున్న దానికంటే లేచి నిల్చున్నది దూరం నుంచి కనపడుతుంది కదా.

కాబట్టి పురుగుగారూ, పూర్తి చేయడం ఒక కొమ్మ, కనపడటం ఇంకో కొమ్మ. మెలకువ మూడోది. పడుకున్నవాడు లేస్తే పైకే లేస్తాడు. అందుకే ‘ఈజ్ హీ అప్?’ అంటే లేచాడా అని, ‘స్టే అప్’ అంటే మేలుకుని ఉండు అని. దేనికైనా సిద్ధంగా ఉంటే ‘ఐయామ్ అప్ ఫర్ ఇట్’.

నిద్రలేని_కోడర్
దీంట్లో కామెడీ ఏంటంటే ఈ మధ్య ‘ఐయామ్ డౌన్ ఫర్ ఇట్’ అన్నా నేను రెడీ అనే. మా టీమ్‌లో ఒకరు అప్ అన్నారు, ఒకరు డౌన్ అన్నారు. ఇద్దరూ వస్తున్నారని తేలడానికి ఇంకో రెండు మెసేజ్‌లు పట్టింది.

కొత్తగా_చేరా
చాలా రోజులుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే క్షమించండి. నాకు వాక్యంలో దీన్ని ఎక్కడ పెట్టాలో టెన్షన్. ‘పిక్ అప్ ద ఫోన్’ అనాలా, ‘పిక్ ద ఫోన్ అప్’ అనాలా? ఇంటర్వ్యూలో ‘పిక్ అప్ ఇట్’ అన్నాను, ఎదుటివాళ్లు నవ్వారు.

నిఘంటువు_పురుగు
మొదటి రెండూ సరైనవే. మూడోది తప్పు, కానీ నవ్వాల్సినంత తప్పేం కాదు, నవ్వినవాళ్లదే అమర్యాద. ఇట్, హిమ్, దెమ్ లాంటి సర్వనామం వస్తే అది మధ్యలోనే కూర్చోవాలి. పిక్ ఇట్ అప్. టర్న్ ఇట్ అప్. లుక్ ఇట్ అప్.

ఒక తమాషా జత చెప్తాను, దీంతో పక్కాగా గుర్తుంటుంది. ‘హీ ర్యాన్ అప్ ద హిల్’, కొండ ఎక్కుతూ పరిగెత్తాడు. ‘హీ ర్యాన్ అప్ ఎ బిల్’, బిల్లు తడిసి మోపెడయ్యేలా చేశాడు. చూడ్డానికి కవలల్లా ఉన్నాయి. ఇప్పుడు కొండ, బిల్లు తీసేసి ఇట్ పెట్టండి. కొండకైతే ‘ర్యాన్ అప్ ఇట్’, బిల్లుకైతే ‘ర్యాన్ ఇట్ అప్’. ఎందుకంటే మొదటి దాంట్లో అప్ కొండకి చెందింది, మన ‘కొండ మీదికి’లో మీదికి లాగా. రెండో దాంట్లో అప్ రన్‌కి అతుక్కుంది, తినేయ్‌లో ఏయ్ లాగా. సందేహం వచ్చినప్పుడల్లా ఇట్ పెట్టి చూసుకోండి.

నొక్కి పలకడం కూడా మారుతుంది. ‘బ్యాక్ అప్ యువర్ ఫైల్స్’ అన్నప్పుడు అది క్రియ, రెండు మాటలు, బరువు అప్ మీద. ‘ఎ బ్యాకప్’ అన్నప్పుడు నామవాచకం, ఒకే మాట, బరువు బ్యాక్ మీద. సెటప్, మేకప్, చెకప్ అన్నీ అంతే.

కొత్తగా_చేరా
థ్యాంక్సండీ. బిల్లు, కొండ ఇక మర్చిపోను.

మూడో_బెంచీ
బిల్డప్ మాట ఎవరూ ఎత్తలేదేంటి? (ఎత్తాను చూశారా.) ఇంగ్లీషు దొరకి వెళ్లి ‘వాడు బిల్డప్ ఇస్తున్నాడు’ అంటే బిల్డింగ్ కడుతున్నాడా అంటాడు.

గళ్లనుడి_అత్తయ్య
బిల్డప్ అంటే వాళ్లకి నెమ్మదిగా పేరుకోవడం, ఒత్తిడి పెరగడం, ఒకదాని రాకకు ముందు జరిగే హడావుడి. మనం ఆ హడావుడిని పట్టుకుని గొప్పలకు పోయేవాడి నెత్తిన పెట్టాం. నాకైతే మన వాడకమే నచ్చుతుంది. గెటప్ మాత్రం పెద్దగా మారలేదు, అక్కడా వేషమే, కాకపోతే వాళ్లు ఎక్కువగా వింత వేషానికి అంటారు.

మార్చుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి ‘కోప్ అప్ విత్’. అక్కడ అప్ వద్దు, కోప్ విత్ చాలు. ‘కీప్ అప్ విత్’, ‘పుటప్ విత్’ విని విని నాలుక ఆ దారి పట్టిందనుకుంటాను. రెండోది ‘అప్‌టు’ అని కలిపి రాయడం. అవి రెండు మాటలు, మధ్యలో ఖాళీ ఉండాలి. అర్థం దగ్గర కూడా జాగ్రత్త. ‘అప్ టు 50 పర్సెంట్’ తగ్గింపు అంటే మహా అయితే 50 అని. ఒక్క వస్తువు మీద 50, మిగతా అన్నిటి మీద 5 ఉన్నా ఆ మాట అబద్ధం కాదు. ‘ఇట్స్ అప్ టు యూ’ అంటే నీ ఇష్టం. ‘వాట్ ఈజ్ హీ అప్ టు?’ అంటే కొంచెం అనుమానం కలిసిన ప్రశ్న, వీడేం వేషాలేస్తున్నాడు అన్నట్టు.

రేడియో_తాత
ఒక జాగ్రత్త నేనూ చెప్తాను. బ్రిటన్‌వాళ్లు పాత వాడుకలో ‘ఐ విల్ నాక్ యూ అప్ ఎట్ సెవెన్’ అంటే, ఏడింటికి తలుపు తట్టి లేపుతానని. అమెరికాలో ‘నాక్డ్ అప్’ అంటే కడుపు చేయడం. ఇటు మాట అటు వాడితే చెప్పులు తీయాల్సి వస్తుంది.

ఆ లేపడం అప్పట్లో ఒక ఉద్యోగం కూడా. అలారం గడియారాలు అందరి ఇళ్లలో లేని రోజుల్లో బ్రిటన్ ఫ్యాక్టరీ ఊళ్లలో ‘నాకర్ అప్’ అని ఒక మనిషి ఉండేవాడు. తెల్లవారుజామున పొడవాటి కర్రతో మేడ మీది కిటికీ తట్టి కార్మికుల్ని లేపేవాడు. ఆడవాళ్లు కూడా చేశారు ఈ పని. 20వ శతాబ్దంలో కూడా కొన్నాళ్లు నడిచింది. మరి వాణ్ని ఎవరు లేపేవారు అని అడక్కండి.

నిద్రలేని_కోడర్
వాడు నాలాగే అసలు పడుకోడు తాతగారూ.

నిఘంటువు_పురుగు
అప్ ముందుకొచ్చి అతుక్కున్నవి కూడా చూడాలి. అప్‌సెట్. ఈ మాట 15వ శతాబ్దంలో పుట్టినప్పుడు అర్థం నిలబెట్టడం, ఎత్తి పెట్టడం. సెట్ అప్‌ని తిరగేసి రాసినట్టే కదా. తర్వాత్తర్వాత బోల్తా కొట్టించడం అయింది, అక్కణ్నుంచి మనసు పాడవడం దాకా వచ్చింది. అంటే నిలబెట్టడం నుంచి పడగొట్టడానికి, పూర్తిగా తలకిందులు. పాత అర్థం ఒక్కచోట బతికుంది. వేలం ప్రకటనల్లో ‘అప్‌సెట్ ప్రైస్’ అని చూసే ఉంటారు. పాట మొదలుపెట్టే కనీస ధర అది. అక్కడ ఎవరూ బాధపడట్లేదు.

సందేహాల_బండి
నేను ఇన్నాళ్లూ ఆ ధర చూసి జనం అప్‌సెట్ అవుతారు కాబట్టి ఆ పేరు పెట్టారనుకున్నాను, ఒట్టు.

ఇంకొక్కటి అడిగి ఆపేస్తాను. మేక్ అప్. ముఖానికి వేసుకునేది సరే. ‘దే మేడ్ అప్’ అంటే రాజీపడ్డారట. ‘హీ మేడ్ ఇట్ అప్’ అంటే కథ అల్లాడట. ‘మేక్ అప్ ఫర్ లాస్ట్ టైమ్’ అంటే పోయిన టైముని పూడ్చుకోవడమట. దీన్ని ఏ కొమ్మకి వేలాడదీయాలి?

గళ్లనుడి_అత్తయ్య
నువ్వే పూడ్చుకోవడం అన్నావు కదా, అదే జవాబు. గుంట ఉంది, మట్టి పోసి పై దాకా తెస్తే పూడుతుంది. పోయిన టైమ్ ఒక గుంట. ఇద్దరి మధ్య తగవు ఒక గుంట. ముఖం మీది లోపాలు, సరే, అవీ గుంటలే అనుకో. కథ అల్లడం మాత్రం వేరు, అక్కడ ముక్కలన్నీ చేర్చి ఒకటి నిలబెట్టడం. మనం కూడా లేని కథని ‘కట్టు’కథ అనే అంటాం. ఇల్లు కట్టినా కట్టే, కథ కట్టినా కట్టే.

నిఘంటువు_పురుగు
తగవుని గుంట అనడం కొంచెం లాగినట్టుంది అత్తయ్యగారూ. అది దారి చూపిస్తుందంతే, రుజువు కాదు. ఇలాంటివి వాక్యంతో సహా గుర్తుపెట్టుకోవడమే మేలు.

గళ్లనుడి_అత్తయ్య
లాగాను, ఒప్పుకుంటా. కానీ గుర్తుంటుందా లేదా?

సందేహాల_బండి
గుర్తుంటుంది, ఢోకా లేదు.

ఇదంతా చదువుతుండగానే ఇంకో మెయిల్ వచ్చింది. వచ్చే వారం రివ్యూ ‘పుష్డ్ బ్యాక్’ అట. కోడర్ చెప్పినట్టు ఆలస్యమే కదా? వెనక్కి నెట్టారు అంటే నా బుర్రకి మళ్లీ సోమవారమే కనిపిస్తోంది.

నిద్రలేని_కోడర్
ఆలస్యమే బ్రో. నమ్ము.

సందేహాల_బండి
నమ్మాను. అయినా తారీఖు ఏంటో అంకెల్లో పంపమని అడిగాను. గురువారం, 3 గంటలకి. ఈసారి తల దువ్వుకునే వెళ్తా.